సాయంత్రం మాత్ర

"నీకు చూపు తగ్గలేదు, ధ్యాస తగ్గింది," అన్నాడు భర్త, టైలరు వెనక్కి తెచ్చిన కోటును కౌంటర్ మీద అటూ ఇటూ తిప్పుతూ. కోటు నేవీ బ్లూ. అంచుల వెంబడి కుట్టంతా నలుపు. ఆ దారం ఇచ్చింది ఆమె. టైలరు మళ్ళీ చూసుకోలేదు, ఆమె ఇచ్చాక చూసుకునే అలవాటు అతనికి లేదు.

"అక్క ఇచ్చిందంటే కళ్ళు మూసుకుని కుట్టేస్తానండీ. అదే నా కొంప ముంచింది," అని నవ్వబోయి, ఆమె మొహం చూసి టైలరు ఆగిపోయాడు.

దారాలు, గుండీలు, జిప్పులు, లేసులు అమ్మే దుకాణం అది. బోర్డు మీద మామగారి పేరుంది. గల్లాపెట్టె దగ్గర భర్త కూర్చుంటాడు. జనం మాత్రం దారాలక్క కొట్టు అంటారు. గుడ్డముక్క చేతికిస్తే ఆమె గుమ్మంలోకి తీసుకెళ్ళి, రీలు నుంచి ఒక్క పోగు లాగి దాని మీద అడ్డంగా పరుస్తుంది. రీలుకు చుట్టి ఉన్నప్పుడు ముదురుగా కనిపించే దారం ఒంటిపోగుగా కుట్టులో పడ్డాక లేతబడుతుంది. చాలామంది రీలునే గుడ్డకు ఆనించి చూసి అమ్మేస్తారు. ఆమె ఒంటిపోగును నమ్ముతుంది. కాపురానికి వచ్చిన కొత్తల్లో ఎవరూ నేర్పకుండానే పట్టుకున్న కిటుకు అది. ఆ ఇంట్లో ఆమెకు దక్కిన కాస్త మర్యాదా దాని మీదే నడిచింది. వంట కుదిరిన రోజున ఎవరూ పలకరు, కుదరని రోజున అందరికీ నోరుంటుంది. ఇల్లు అద్దంలా ఉంటే అది ఇంటి గొప్పతనం, లేకపోతే ఆమె బద్ధకం. రంగు కలిసినప్పుడు మాత్రం బయటివాళ్ళు వచ్చి ఆమెనే మెచ్చుకునేవాళ్ళు, అదీ భర్త వింటుండగా. మనిషి దగ్గర చెల్లే సరుకు ఒక్కటే ఉన్నప్పుడు, దానికి పురుగు పట్టిందని ఎవరు మాత్రం చాటుకుంటారు? ఆమె కూడా చెప్పలేదు.

చెప్పకుండా నెట్టుకొచ్చింది. ఒకప్పుడు గుమ్మంలోకి వస్తే తేలిపోయే రంగు, ఇప్పుడు అక్కడే చెదిరిపోతోంది. వెలుతురు కళ్ళలో పొడుస్తోంది. తెలుపులన్నీ పాత కాగితంలా పసుపెక్కాయి. ఊదాకీ నీలానికీ తేడా చెప్పాలంటే రీలు అడుగున అంటించిన నంబరు చూసుకోవాలి, ఆ నంబరు కూడా అలుక్కుపోయినట్టుంది. కొనేవాళ్ళతో కబుర్లాడుతూ, "ఈ రంగు నీకేమనిపిస్తోందమ్మా?" అని వాళ్ళ నోటితోనే చెప్పించడం నేర్చుకుంది. ఎదుటివాళ్ళ కళ్ళు అరువు తెచ్చుకుని బేరం నడిపించడమన్నమాట. ఆ రోజు టైలరు తొందరలో ఉన్నాడు, ఏమీ చెప్పలేదు. బండారం బయటపడింది.

ఆ సాయంత్రం ఆమె అడిగింది. "ఏవండీ, ఒకసారి కళ్ళ ఆసుపత్రికి వెళ్ళొస్తాను. పొద్దున్న వెళ్తే సాయంత్రానికి వచ్చేస్తాను."

"సీజన్లోనా? పెళ్ళి బట్టలు కుట్టే రోజులివి. నువ్వు లేకపోతే ఆ రంగులు ఎవరు చూస్తారు?" అన్నాడు అతను. పొద్దున ఆమెకు ధ్యాస లేదన్నవాడే. అతను దుర్మార్గుడు కాదు. కాసేపు ఆలోచించి, అలమర తెరిచి, అత్తగారి మాత్రల డబ్బా తెచ్చాడు.

అత్తగారికి కంటి వెనక పొర నడిమధ్య దెబ్బతింది. ఒక కన్ను ఇదివరకే చెడింది. దానితో ఎవరిని చూసినా మొహం ఉండాల్సిన చోట మసక, చుట్టూ జుట్టూ చెవులూ. రెండో కన్నయినా నిలుస్తుందని డాక్టరమ్మ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకోమని రాసింది. డబ్బా మీద పెద్ద కన్ను బొమ్మ, దాని కింద ఆకుకూరలూ క్యారెట్లూ.

"కంటికే కదా ఇది. అన్ని విటమిన్లూ ఉన్నాయట. అమ్మకి పొద్దునది, నీకు సాయంత్రంది. సీజన్ దాటేలోపు చూపు అదే కుదురుకుంటుంది," అన్నాడు. పరిష్కారం దొరికిన ఆనందం అతని గొంతులో దాగలేదు.

"తీసుకోవే అమ్మాయ్," అంది అత్తగారు మంచం మీంచి. "నేను ఈ కళ్ళతో కొత్తగా చూసి ఉద్ధరించేదేముంది? కొట్టు చూసేదానివి నువ్వు."

అలా కొన్ని నెలలు గడిచాయి. రోజూ సాయంత్రం మాత్ర మింగి, ఆమె తన చూపును తానే తూకం వేసుకునేది. ఒకరోజు సూదిలో దారం ఒక్కసారికే ఎక్కితే, పని చేస్తోంది అనుకుంది. మర్నాడు ఎక్కకపోతే, పూర్తిగా పట్టడానికి టైం పడుతుంది కదా అనుకుంది. పనిచేసినా చేయకపోయినా మాత్ర తరఫునే మాట్లాడింది. ఎందుకంటే అది పనిచేయదని ఒప్పుకుంటే ఆసుపత్రికి వెళ్తానని మళ్ళీ అడగాలి. అడగడం ఆ ఇంట్లో చాలా ఖరీదైన పని. ఒకసారి ఏదైనా అడిగితే ఆ మాట ఏడాది పొడవునా వంటింట్లోకీ కొట్లోకీ వెంటబడి వస్తుంది. "ఆ మధ్య ఒంట్లో బాగాలేదన్నావుగా, ఇప్పుడెలా ఉంది?" అని అందరి ముందూ వెక్కిరింతగా. మింగడం తేలిక. మంచినీళ్ళతో దిగిపోతుంది.

అత్తగారిని మళ్ళీ చూపించాల్సిన రోజు వచ్చింది. ముసలామెను తీసుకెళ్ళడమంటే అది కోడలి పని కాబట్టి ఎవరూ సీజన్ ఊసెత్తలేదు.

డాక్టరమ్మ అత్తగారి మంచి కంటిని చాలాసేపు చూసింది. "కిందటిసారి కంటే కొంచెం ముదిరిందమ్మా. మాత్రలు రెండు పూటలా వేసుకుంటున్నారా?"

"ఆ, వేసుకుంటున్నాను," అంది అత్తగారు తడుముకోకుండా.

ఆ అబద్ధం తనను కాపాడటానికేనని కోడలికి తెలుసు. ఊరుకుంటే గది దాటి బయటపడొచ్చు. ఊరుకుంటే ఇవాళ సాయంత్రం మళ్ళీ ఆ మాత్ర తన గొంతులోకే దిగుతుంది.

"లేదండీ. ఆవిడ ఒకటే వేసుకుంటున్నారు. రెండోది నేను మింగుతున్నాను," అంది.

డాక్టరమ్మ కేకలేయలేదు. కలం పక్కనపెట్టి, "మీకేమైంది?" అని మాత్రం అడిగింది. ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. ఆమె ఎలాగో చెప్పింది. డాక్టరమ్మ ఆమె కళ్ళలో కూడా చుక్కలు వేయించి, కూర్చోబెట్టి చూసింది.

"మీకున్నది శుక్లాలు, రెండు కళ్ళలోనూ. దీనికి మాత్ర లేదు, టానిక్కు లేదు. ఎన్ని క్యారెట్లు తిన్నా పోదు. లోపలి లెన్సు మసకబారింది, అది తీసి కొత్తది పెట్టాలి."

"మరి ఆ డబ్బా మీద కళ్ళకని ఉందే?"

"కళ్ళకే. కానీ కళ్ళ జబ్బులన్నీ ఒకటి కాదుగా. మీ అత్తగారిలాంటి జబ్బు, అదీ ఆ దశలో ఉన్నవాళ్ళకి, ఇంకా ముదరకుండా కొంత అడ్డుపడుతుందని పరీక్షించి తేల్చిన మందు అది. పోయిన చూపు తీసుకురాదు. ఒక మాత్ర తగ్గబట్టే ఈవిడకి ముదిరిందనీ చెప్పలేను, రెండూ వేసుకున్నా ముదిరేవాళ్ళున్నారు. కానీ ఈవిడకి దక్కాల్సిన అవకాశం సగమైంది. మీరా, అది వేసుకుంటున్నామన్న ధైర్యంతో ఇన్నాళ్ళూ రాకుండా ఆగిపోయారు."

బయటికొచ్చేసరికి చుక్కల పుణ్యమా అని ఇద్దరికీ లోకమంతా సున్నం కొట్టినట్టుంది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగారు.

"ఎవరు ఎవర్ని నడిపిస్తున్నట్టే ఇప్పుడు?" అంది అత్తగారు.

"పడితే ఇద్దరం పడతాంలెండి అత్తయ్యా."

ముసలామె నవ్వి, కాసేపటికి నవ్వు ఆపేసింది. "వాడు పంచినప్పుడు అది వాడిది కాదు, నాది అని అనాల్సింది నేను. నీ మీద జాలితో ఊరుకున్నాననుకున్నా. కాదు. నువ్వు మూలబడితే నాకెవరు చేస్తారన్న భయం."

కోడలు చెయ్యి వదల్లేదు. లోపల లెక్క తేలుతోంది. అత్తగారి వాటాలోంచి రోజుకో మాత్ర పోయింది. తన చూపులోంచి కొన్ని నెలలు పోయాయి. పంచినవాడు తనదంటూ ఏమీ తీయలేదు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య బేరం కుదిర్చి, అందరికీ న్యాయం చేశానని హాయిగా నిద్రపోయాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇలాంటి బేరమొకటి ఉంటుందని ఆమెకు తట్టనే లేదు.

కొట్టుకు చేరగానే సంగతంతా విని భర్త నిజంగానే కంగారుపడ్డాడు. "ముందే చెప్పొద్దూ? రేపే ఇంకో డబ్బా తెప్పిస్తా. ఎవరిది వాళ్ళకి."

మాత్రల దగ్గర పిసినారితనం లేదతనికి. ఆమె సెలవు దగ్గరే ఉంది.

"అత్తయ్యకి రెండు పూటలా ఇవ్వండి. నాకు డబ్బా వద్దు. ఆపరేషను. వచ్చే వారం రమ్మన్నారు, వస్తానని చెప్పొచ్చాను."

"నన్నడక్కుండానే?"

"అడిగాను. మీరు మాత్ర ఇచ్చారు."

అతను నోరు తెరిచేలోగా గుమ్మంలోకి ఒక అమ్మాయి వచ్చింది, చేతిలో గుడ్డముక్కతో. "అక్కా, దీనికి సరిపోయే దారం కావాలి. రేపు పెళ్ళికూతురికి ఇచ్చేయాలి."

"నాకు కనపడటం లేదమ్మా," అంది ఆమె.

"డాక్టరు చుక్కలు వేశారులే, అందుకని. ఓ గంటాగి రా," అన్నాడు భర్త గబగబా, కొట్టు పరువు కాపాడుతూ.

"చుక్కల వల్ల కాదు," అంది ఆమె, ఆ అమ్మాయికీ, వెనక నిలబడ్డ ఇద్దరు ముగ్గురికీ వినపడేలా. "చాలాకాలంగా కనపడటం లేదు. బాగుచేయించుకుని వస్తాను. అప్పటిదాకా ఆయన చూస్తారు."

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గుడ్డముక్కను అతనికి అందించింది.