కొవ్వెక్కిన కూలీలు

పొద్దున ఆ ఇంట్లో పాలు పొంగకముందే నాయనమ్మ ఎముకల్లో పని మొదలయ్యేది. టక్, టక్ అని ఇటుక సరిచేస్తున్న చప్పుడు. ఆ చప్పుడుకే పైవాటా పిల్లలు నిద్ర లేచి వేళకి బడికి పోయేవాళ్లు. నాయనమ్మ తాపీమేస్త్రి. "బయట నేను, లోపల నా కూలీలు. ఎవరి పని వాళ్లది," అనేది.

ఈమధ్య ఆ చప్పుడు పలచబడింది. పైవాటా పిల్లలు రోజూ ఆలస్యమే. ఒకనాడు బడి ప్రహరీ కడుతూ నాయనమ్మ చిన్న పీట మీంచే జారిపడింది. తుంటి విరిగింది. కడ్డీ వేశారు గాని ఎముక ఎంతకీ అతకలేదు.

"మూలుగ ముసలిదైపోయింది పెద్దమ్మా," అంది డాక్టరమ్మ.

"మూలుగా? పడ్డప్పుడు కూడా నేను కిక్కురుమనలేదు. అడగండి, ఇదిగో నా మనవరాలు!"

"ఆ మూలుగు కాదు. ఎముక లోపలి గుజ్జు. ఎముక కట్టే కణాలు పుట్టేది అందులోనే. వయసు మీదపడితే అవి తగ్గిపోతాయి. కట్టడానికి పోవాల్సినవి కొన్ని కొవ్వుగా మారిపోతాయి."

నాయనమ్మ మొహం ఎర్రబడింది. "పని మానేసి కొవ్వెక్కి కూర్చున్నారన్నమాట!"

ఇంటికొచ్చాక కొడుకు నసిగాడు. "ఇక మంచమే గతి అనుకోవాలమ్మా. ఆ తాపీ ఎవరికైనా ఇచ్చేద్దాం."

"ఇచ్చెయ్. నాకే ఇచ్చెయ్."

మనవరాలు పరిగెత్తి తెచ్చింది. నాయనమ్మ దుప్పటి లాగేసి, తాపీ పిడితో తన తొడ మీద తట్టింది.

"ఏరా, ఒళ్లు కొవ్వెక్కిందా? ముసలివాళ్లయ్యారా? నేనేమన్నా పడుచుపిల్లనా? కుర్రాళ్లలా కట్టమన్నానా? కట్టమన్నాను, అంతే!"

చప్పుడు లేదు. కొడుకు మొహం తిప్పుకున్నాడు. అప్పుడు ఎక్కడో అడుగున, బద్ధకంగా, టక్.

"ఒక్కడేనా? మిగతావాళ్లని బొట్టుపెట్టి పిలవాలా?"

టక్. టక్.

ఆమె రోజూ తిట్టింది. వాళ్లు రోజూ కట్టారు.

వానలు వెనకబట్టాక డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసింది. విరిగినచోట వరస మీద వరస. "అతికింది పెద్దమ్మా! కాకపోతే కాస్త వంకర. ఆ కాలు కొంచెం పొట్టి అవుతుంది."

"ముసలి చేతులు కదమ్మా," అంటూ నాయనమ్మ లేచి నిలబడింది. "నిలబడిందా లేదా, అది చూడు."

బడి ప్రహరీ మిగతా వరసలు ఆమే కట్టింది, పొట్టి కాలి కింద ఇటుకముక్క వేసుకుని. పైవాటా పిల్లలు ఆ గోడ పక్కనుంచే, వేళకి, బడిలోకి పోతున్నారు.