మరదలు ఎంచిన కత్తి

అన్న కాలు పోయిన రోజు నుంచి ఆమె బావను ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. చూసినవాళ్ళు ఆమెది మెత్తని మనసనుకున్నారు. అక్క అయితే, తన కాపురం చూసి చెల్లెలు కోపం దిగమింగుకుందని మురిసిపోయింది. దిగమింగిన మాట నిజమే. అరిగించుకోలేదంతే.

అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే నర్సరీలో పనిచేసేవాళ్ళు. కొండ మీది పెద్ద పెద్ద చెట్లెక్కి, పండిన కాయలు కోసి, నారు పొయ్యడానికి గింజలు తేవడం వాళ్ళ పని. చెట్టు మీద అన్నకు ఉడుతలు కూడా దారిస్తాయని తోటివాళ్ళు నవ్వేవారు. బావకు బజారులో ఇనుప సామాన్ల కొట్టు ఉంది. ఒకనాడు ఆయన అన్నను పిలిచి, తళతళలాడే కత్తి ఒకటి చేతిలో పెట్టాడు. వెన్ను మీద రంపపు పళ్ళు, బోలు పిడి, పిడి మూతలో దిక్సూచి, లోపల అగ్గిపుల్లలు, గాలం.

"ఇదొక్కటుంటే అడవిలో ఇల్లున్నట్టే బామ్మర్దీ. పరాయివాళ్ళకైతే ఈ ధరకివ్వను" అన్నాడు.

ఆ కత్తి అసలు పనికి వచ్చింది ఒక్కసారే. చెట్టు మీద నుంచి కాయల బస్తా దించుతుంటే తాడు జారి అన్న చీలమండకు చుట్టుకుంది. నడుముకున్న బెల్టు ఆయన్ను పైన పట్టుకుంటే, బస్తా బరువు కాలిని కిందికి లాగింది. ఆ తాడు ఒక్కటి కోస్తే చాలు. అన్న కత్తి తీసి రెండు లాగులు లాగాడు. మూడోదానికి పిడి చేతిలో మిగిలింది, కత్తి నేల మీద పడింది. అవతలి వాలులో ఉన్న ఆమె, అన్న వేసిన ఈల విని, మనుషుల్ని పోగేసి, ఆయన్ను దించేసరికి రెండు గంటలైంది. అప్పటికే పాదం నల్లబడింది. డాక్టరు చీలమండ పైదాకా తీసేశాడు.

ఆసుపత్రి వరండాలో విరిగిన కత్తి చూపిస్తే బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గ్యారంటీ బ్లేడుకేనమ్మా, పిడికి కాదు" అని నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు సవరించుకున్నాడు. "పట్టడం రాకపోతే కత్తి మాత్రం ఏం చేస్తుంది?" ఈ రెండో మాటే తరవాత కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. చెట్టెక్కడంలో తనంతవాడు లేడనిపించుకున్న మనిషి, కత్తి పట్టడం రానివాడైపోయాడు. కాలు పోయినందుకు కంటతడి పెట్టని అన్న, ఆ మాట చెవిన పడ్డ రోజు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె అప్పుడే నిశ్చయించుకుంది.

రెండేళ్ళు గడిచాయి. చెట్లెక్కేవాళ్ళందరికీ కత్తులు కొనాలని నర్సరీ మేనేజరమ్మ అనుకుంది.

"ఏది కొనాలో నువ్వే తేల్చు. అన్ని పనులకీ ఒకటే కత్తి. ఖరీదు మాత్రం మనం తూగేట్టుండాలి" అంది ఆమెతో.

ఈ రెండేళ్ళలో ఆమె కత్తుల గురించి అడగని కమ్మరి లేడు. మడత కత్తి వద్దు. కోసే అలుగు బెత్తెడుకు కాస్త మించితే చాలు. వెన్ను మందంగా ఉంటే కర్రతో కొట్టి కట్టె చీల్చొచ్చు. తుప్పు పట్టే రకం ఉక్కైనా పరవాలేదు, మామూలు రాయి మీద నూరితే పదును రావాలి. తలకిందులుగా వేలాడినా ఒరలోంచి జారకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అలుగు ఇనుము పిడి చివరిదాకా ఒకే ముక్కగా సాగాలి. ఇవన్నీ ఉన్న కత్తికి పెద్ద ఖరీదేం ఉండదని కూడా తెలుసుకుంది. ఖరీదంతా దిక్సూచులకీ రంపపు పళ్ళకీనట.

వేరే కొట్లవాళ్ళిద్దరికి కబురు పెట్టింది. బావ ఇంటికి మాత్రం స్వయంగా వెళ్ళింది.

"మీ దగ్గరున్నవాటిలో మంచిది తీసుకురండి బావా. అక్కా, నువ్వూ రా."

అక్క ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నాకు తెలుసే, ఎప్పటికైనా నీ మనసు కరుగుతుందని!"

ఆమె చేతులు విడిపించుకోలేదు.

ఆ రోజు పొద్దున్నే నర్సరీ వాకిట్లో బల్ల వేశారు. చెట్లెక్కేవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. అన్న చంకకర్ర ఆనించి స్టూలు మీద కూర్చున్నాడు. బల్ల మీద నాలుగు కత్తులున్నాయి. ముందు మూడింటితో ఆమె తడితాడు కోయించింది, ఎండుకట్టె చీల్పించింది, గట్టినేలలో చెట్టు వేళ్ళు తవ్వించింది. ఆమె అనుకోనిది అక్కడే జరిగింది. బావ తెచ్చిన కత్తి అన్నిట్లోనూ నెగ్గింది. ధర కూడా దానిదే తక్కువ.

బావ ముఖం పెళ్ళికొడుకు ముఖమైంది. "చూశావా మరదలా? ఇనుము చివరిదాకా ఒకటే ముక్క!"

"నాకేం తెలుసు బావా? మీరే చెప్పండి" అందామె అమాయకంగా. పిడికి నల్లతాడు చుట్టిన నాలుగో కత్తి ఆయన చేతికిచ్చింది. "దీనికేం తక్కువ? దిట్టంగానే ఉందిగా?"

అది పక్కకొట్టువాడిదనుకున్నాడు బావ. పిడిని బల్లకేసి తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

వెనకనుంచి అక్క ఒకడుగు ముందుకేసింది. "ఏమండీ, అది..."

"నువ్వాగు! వ్యాపారం మాట్లాడుతున్నా" అని భార్యను కసిరి, అందరికీ వినబడేలా గొంతు పెంచాడు. "లోపలంతా బోలు. మరమేకుతో అతికించిన సరుకు. ఇవి గోడకి తగిలించుకునే బొమ్మలమ్మా. రెండు గట్టి లాగులకి ఊడొస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఇనుము అమ్ముతున్నా, ఆ మాత్రం తెలీదా? చెట్టెక్కేవాడికి ఇది అంటగట్టినవాడు మనిషే కాడు!"

చెట్లెక్కేవాళ్ళలో ఒకడు జేబులోంచి బిల్లు తీసి బల్ల మీద పెట్టాడు. "మొన్న మీ కొట్లోనే కొన్నానండి. తాడు మాత్రం మేం చుట్టిందే. చెట్టెక్కే పనికని చెప్పే కొన్నా. ఈ అమ్మగారే ప్యాక్ చేసిచ్చారు."

బావ బిల్లు వైపు చూశాడు, అన్న కాలివైపు చూశాడు.

"ముప్పై ఏళ్ళుగా తెలుసన్నారు బావా" అందామె. "మా అన్నకి అమ్మింది రెండేళ్ళ కిందటేగా."

మేనేజరమ్మ నెగ్గిన కత్తి తిప్పి చూసింది. పిడి దగ్గర కమ్మరి కొలిమి ముద్ర ఉంది. "కత్తి ఇదే. సరుకు తిన్నగా కొలిమి నుంచే తెప్పిద్దాం" అంది. బావ తలవంచుకుని, తెచ్చిన పెట్టె అక్కడే వదిలేసి గేటు దాటిపోయాడు.

అక్క మాత్రం కదల్లేదు.

"ఆయన్ని ఏమైనా చేసుకో. నన్నెందుకే రమ్మన్నావు?"

"నువ్వు వినాలని."

"ఇంట్లో నలుగురం కూర్చున్నప్పుడు అడిగుండొచ్చుగా?"

"అడిగితే చెప్పేవాడా?"

అక్క పమిట భుజం చుట్టూ కప్పుకుని భర్త వెనకాలే వెళ్ళిపోయింది. ఆ తరవాత ఏడాది దాటినా చెల్లెలి గుమ్మం తొక్కలేదు. దాని గురించి ఆమె ఒంటరిగా ఏడ్చింది కూడా. కానీ చేసినదానికి ఒక్కసారీ పశ్చాత్తాపపడలేదు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ అన్న మలుపు దగ్గర ఆగి చంకకర్ర సర్దుకున్నాడు.

"ఆయన నోటితో ఆ మాట వినాలని నాకూ ఉండేదే. విన్నాను. ఇక వదిలెయ్. చాలు."

"నీకు చాలేమో అన్నయ్యా" అందామె. "నాకు చాల్లేదు."

చెట్లెక్కేవాళ్ళు బావ కొట్టు మానేశారు. వాళ్ళ చుట్టాలూ మానేశారు. నెల తిరక్కుండానే ఆయన కత్తుల అర మొత్తం ఖాళీ చేసి రంగు డబ్బాలు పేర్చాడు. నర్సరీకి ఆ బజారు చుట్టుదారి. అయినా ఆమె రోజూ పొద్దున అటుగానే పనికి వెళ్ళింది. కొట్టు ముందుకొచ్చాక నడక తగ్గించి, ఆయన తలెత్తేదాకా చూసి మరీ వెళ్ళేది.