ఆరేళ్ళ గడువు

ఆ నెల ఇరవై నాలుగో తేదీ దాటితే నా అప్పు చచ్చినట్టే. అప్పటిదాకా గుట్టుగా ఉండగలిగితే చాలు.

ఈ దేశానికొచ్చి స్లైగో అనే ఊళ్ళో చదువుకునేటప్పుడు బ్యాంకువాళ్ళు పిలిచి మరీ పదిహేను వందల యూరోల ఓవర్‌డ్రాఫ్ట్ ఇచ్చారు. ఖాతాలో డబ్బు లేకపోయినా అంతవరకూ వాడుకోవచ్చన్నమాట. కరోనాతో నేను పనిచేసే హోటల్ మూతపడింది. ఆ డబ్బంతా అద్దెకీ బియ్యానికీ పోయింది. కట్టమని బ్యాంకు ఉత్తరం రాసింది. నేను గది మారి, ఊరు మారి, ఆ సంగతే మరిచిపోయాను. అబద్ధమెందుకు, మరిచిపోయినట్టు నటించాను.

ఇప్పుడు ఆ అప్పును ఎవరో వసూళ్ళ కంపెనీవాళ్ళు కొనుక్కున్నారు. వడ్డీలూ రుసుములూ కలిసి మూడు వేల తొమ్మిది వందలైంది. ఫియోనా అనే ఆవిడ రోజూ ఫోన్ చేసేది. మర్యాదకేం లోటు లేదు, మొదట్లో ఎత్తినప్పుడు వాతావరణం గురించి కూడా అడిగేది. సిటీవెస్ట్ ఆఫీసులో మీటింగు మధ్య, లువాస్ ట్రామ్‌లో నిలబడి ఉన్నప్పుడు, ఎక్కడ ఫోన్ మోగినా తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కట్ చేసేదాన్ని.

ఉచితంగా సలహాలిచ్చే ఆఫీసుకు వెళ్తే అక్కడి పెద్దావిడ దారి చెప్పింది.

"బ్యాంకు కట్టమన్న తేదీ నుంచి ఆరేళ్ళు దాటాయంటే కోర్టులో వాళ్ళ వాదన నిలవడం కష్టం. కానీ ఈలోగా ఒక్క యూరో కట్టినా, అప్పు నాదేనని సంతకం పెట్టినా, ఆ ఆరేళ్ళూ మళ్ళీ మొదటినుంచి మొదలవుతాయి."

అప్పటికి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

మా ఆయన త్రినాథ్‌కు ఇవేవీ తెలియవు. క్రెడిట్ కార్డు బిల్లు వచ్చిన గంటలో కట్టకపోతే అన్నం సయించని మనిషి. పెళ్ళయి మూడేళ్ళయినా చెప్పడానికి నోరు రాలేదు. ఇద్దరి జీతాలూ ఒకే ఖాతాలో పడతాయి కాబట్టి చాటుగా కట్టేసే వీలూ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫియోనా పంపే ఉత్తరాలను వంటింటి అల్మరాలో, ఇక్కడివాళ్ళు ప్రెస్ అనేదాంట్లో, బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని.

ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం ఫియోనా వాయిస్ మెసేజి పెట్టింది. "నిన్న మీరు కట్టిన నూట పదహారు యూరోలు అందాయి సుధేష్ణా. గ్రాండ్! మొదలుపెట్టారు, అదే చాలు."

నూట పదహారు! ఈ దేశంలో ఎవరికి తోస్తుంది ఆ అంకె? పెళ్ళిలో చదివింపులు చదివించే చెయ్యే అది.

ఇంటికొచ్చేసరికి త్రినాథ్ వంట చేసి కూర్చున్నాడు. నా మొహం చూసి నవ్వాడు.

"తెలిసిపోయిందా? ఆదివారం బియ్యం కోసం ప్రెస్ తీసాను. ఫోన్ మోగితే వణికిపోతన్నావెందుకో అప్పుడర్థమైంది."

"నన్నొక మాట అడగొచ్చుగా?"

"అడిగితే నీకు సిగ్గుగా ఉంటాది. నిన్న దశమి, మంచిరోజు. నీ పేరు మీద నూట పదహార్లతో మొదలెట్టీసాను. మిగతాది నెలనెలా కట్టీద్దాం. చదువుకునేటప్పుడు చేసిన అప్పుకి అంత భయమేటే పిచ్చిదానా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే పీడ విరగడయ్యేదని అరవాలనిపించింది. కానీ ఆ నాలుగు రోజులు దేనికో చెప్పాలిగా! అప్పు దాచానని ఒప్పుకోగలను. ఎగ్గొడదామని రోజులు లెక్కపెట్టుకున్నానని ఈ మనిషికి ఎలా చెప్పను? నన్ను పల్లెత్తు మాట అనకుండా అన్నం వడ్డిస్తున్నాడు. మూడేళ్ళలో ఏ ఒక్కరోజు నోరు విప్పినా ఇది జరిగేది కాదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

త్రినాథ్ ఒక కాగితం తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు. వాయిదాల ఒప్పందం. ఆ బాకీ నాదేనని అంగీకరిస్తున్నట్టు పైనే రాసి ఉంది.

"ఏటలా చూస్తావు? నీ సంతకం ఒక్కటే తక్కువ," అని పెన్ను చేతికిచ్చాడు. "ఇకమీద నా దగ్గర ఏటీ దాచకు. సరేనా?"

"సరే," అని సంతకం పెట్టాను.