నున్నటి జడ

దుప్పటికి రెండు కొసలు ఆమె చేతుల్లో, రెండు పెద్దక్క చేతుల్లో. ఇద్దరూ బిగలాగి దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి వెళ్తారు. లాడ్జీ దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరిదీ ఒకటే జోడీ. ఈ రోజు ఆమె కుడి మణికట్టు వాచి ఉంది. ఆ చేతిలోని కొస మాటిమాటికీ జారిపోతోంది.

"జడ బాగుందే," అంది పెద్దక్క.

ఆమె మొహం వెలిగిపోయింది. "మా ఆయనే వేశాడు పెద్దక్కా. చిక్కు తీసేటప్పుడు ఆయన ఓపిక చూడాలి, ఒక్క వెంట్రుక తెగనివ్వడు."

నిజమే. చెయ్యి మెలిపెట్టిన మర్నాడు అతనంత మంచివాడు భూమ్మీద ఉండడు. స్టూలు మీద కూర్చోబెట్టి, తలకు నూనె రాసి, చెవి దగ్గర ఏదో కోతికూత కూసి నవ్విస్తాడు. ఆ మర్నాటి మనిషితోనే తను కాపురం చేస్తున్నాననీ, ముందురోజు వచ్చిపోయినవాడు ఎవడో పిలవని చుట్టమనీ అనుకుంటుంది పిచ్చిది.

మళ్ళీ కొసలు కలిశాయి. పెద్దక్క గొంతు తగ్గించింది.

"నువ్వు వేసుకుంటే నీ జడ ఎప్పుడూ వంకరే. కుదురుగా ఉందంటే దెబ్బ ఎక్కడ తగిలిందా అని వెతుక్కుంటామే మేమంతా. మా మేడ మీద గది ఖాళీగానే ఉంది. ఎప్పుడొచ్చినా సరే, ఏమీ అడగను."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కొసలు పెద్దక్క చేతికే వదిలేసి ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. కానీ అక్కడ కూడా పెద్దక్క మాట ఆమెను వదల్లేదు. పోయిన నెలంతా ఇంట్లో గొడవ లేదు. అతను ఆమె వైపు తలతిప్పి చూసిందీ లేదు. ఒక పొద్దున వంకర జడతో అద్దం ముందు నిలబడి, 'ఒక్క దెబ్బ వేసినా బాగుండు' అనుకుంది. అది ఇప్పుడు గుర్తొచ్చింది. తన మీద తనకే జాలేసింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అతను డ్యూటీకి పోయాడు. చేతికి కాపడం పెట్టుకోమని బల్ల మీద ఫ్లాస్కులో వేడినీళ్ళు, పక్కనే మడిచిన గుడ్డ. ఆమెకు ఏడుపొచ్చింది. మూత తియ్యబోతే వాచిన చేతికి పట్టు దొరకలేదు. అతను వచ్చేదాకా ఆగుదామని కాసేపు కుర్చీలో కూర్చుంది కూడా. వస్తే ముద్దుగా కసిరి, మూత తీసి, తనే కాపడం పెడతాడు. పెట్టాడంటే ఇక తను కదలదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

నాలుగు బట్టలు సంచీలో కుక్కుకుని, తలుపు దగ్గరగా వేసి, పెద్దక్క ఇంటి దారి పట్టింది. దారి పొడుగునా అతని మీద బెంగే.

బల్ల మీద ఫ్లాస్కు అలాగే ఉంది. మూత అతను బిగించినంత గట్టిగానే ఉంది. లోపల నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి.