తిప్పిన గుడ్లు

మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, పాములు పెంచుతాడు. బహ్రెయిన్‌లోని జింజ్‌లో పెద్ద ఇల్లు, వెనక ఏసీ గది, అందులో గోడ పొడవునా ప్లాస్టిక్ సొరుగులు. ఒక్కో సొరుగులో ఒక్కో పొట్టి కొండచిలువ. విషం లేదు, బెదిరితే బంతిలా చుట్టుకుంటాయి. ఒకటి పసుప్పచ్చ, ఒకటి బూడిదరంగు, ఇంకొకటి మచ్చే లేకుండా నున్నగా ఉంటుంది. పెళ్లిసంబంధాలు చూసినట్టు తాతముత్తాతల రంగులు ఆరా తీసి మరీ జత కలుపుతాడు. ఆ శ్రద్ధలో పావు వంతు మనుషుల మీద పెట్టినా బాగుండేది.

ఈసారి ఆయనకు తెల్లది కావాలి. తల్లీ తండ్రీ రెండూ మట్టిరంగువే. "తెలుపు వీటి రక్తంలో దాక్కుంది సత్యదుర్గా. రెండు వైపుల నుంచీ వస్తేనే పిల్లలో బయటపడుతుంది," అన్నాడు. మూడేళ్లు ఎదురుచూశాక ఆ తల్లి ఆరు గుడ్లు పెట్టింది. వాటిని పొదిగే పెట్టెలో విడివిడిగా పేర్చి, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో గీత గీశాడు.

నా సెలవు ఆ గుడ్లకే ముడిపడింది. రాజోలు దగ్గర మా ఊళ్లో కడుపుతో ఉన్న మా అమ్మాయి శ్రీదుర్గకు అప్పుడే ఆరు నెలలు నిండాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి నేను పక్కనుండాలని ఫోన్లో ఒకటే ఏడుపు. నా పాస్‌పోర్టేమో కఫీల్ బీరువాలో ఉంది. "పిల్లలు బయటికొచ్చాక వెళ్లు. రెండు నెలలే కదా," అన్నాడు.

నెల గడిచాక ఆయన కుటుంబంతో రెండు వారాలు లండన్ వెళ్లాడు. డ్రైవర్ ముబషిర్ పాములకు ఎలుకలు వేయాలి, నేను పెట్టెలో వేడి చూడాలి. అంతే చెప్పాడు.

అక్కడే నా తెలివి తెల్లారింది. అనపర్తి దగ్గర కోళ్ల హేచరీలో ఎనిమిదేళ్లు పనిచేశాను. తిప్పకపోతే కోడిపిల్ల పెంకుకి అతుక్కుని చస్తుంది. కరెంటు పోతే చేత్తోనే తిప్పేవాళ్లం. ఏది తిప్పామో తెలియడానికి పెన్సిల్ గీతే గుర్తు. ఈ గీతా అందుకే, తిప్పమని చెప్పడం పాపం మరిచిపోయాడు అనుకున్నాను. పొద్దున గీత కిందికి, సాయంత్రం పైకి.

"గవెందుకు తిప్పుతున్నవ్ అక్కా? సార్ చెప్పిండా?" అన్నాడు ముబషిర్. జగిత్యాల కుర్రాడు, ప్రతిదానికీ భయమే.

"నాకు నేర్పుతున్నావేంటబ్బాయ్? లచ్చల గుడ్లు తిప్పిన చెయ్యిది!" అన్నాను.

కఫీల్ మధ్యాహ్నం దిగాడు. బూట్లయినా విప్పకుండా నేరుగా ఆ గదిలోకి వెళ్లి పెట్టె మూత తీశాడు. గీతలన్నీ కిందికి ఉన్నాయి. ఫోన్ లైటు పెట్టి చూస్తే ఎర్రటి నరాలు లేవు, ఉత్త పసుపు నీళ్లు. ఆరూ అంతే.

"ఎవరు తిప్పారు?" అన్నాడు, గొంతు పెంచకుండానే.

పాము పిల్ల పైపెంకుకి అంటుకుని పెరుగుతుందట. తిప్పితే లోపలే మునిగిపోతుందట. గీత ఎప్పుడూ పైనే ఉండాలని గుర్తట. ముబషిర్ నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"సత్యదుర్గ చేయదు. ఇవి పిల్లలు కావాలని నాకంటే తనకే ఎక్కువ," అంటూ కఫీల్ బీరువా తెరిచి ముబషిర్ పాస్‌పోర్టు బల్ల మీదికి విసిరాడు. "ఖలాస్. రేపు ఇండియా వెళ్లిపో."

తిప్పినవాళ్లకు శిక్ష రేపు ఇంటికెళ్లడం. అది అర్థమయ్యాకే నాకు నోరు పెగిలింది. ముబషిర్ మీద జాలితో అని చెప్పుకోను, సిగ్గుగా ఉంది.

"బాబా, తిప్పింది నేనే. నన్ను పంపండి," అని కాళ్లు పట్టుకున్నాను.

"నిజమే సార్, అక్కనే తిప్పింది," అన్నాడు ముబషిర్.

కఫీల్ మా ఇద్దరినీ చూసి నవ్వాడు. "బాగా కూడబలుక్కున్నారు. వాడికి ఉద్యోగం, నీకు ఇల్లు. కూతురి కోసం ఇంత అబద్ధమా సత్యదుర్గా?"

తర్వాత కింది సొరుగు లాగాడు. అందులో ఇంకో తల్లి, ఆ పొద్దున్నే పెట్టిన గుడ్లను చుట్టుకుని పడుకుంది. దాన్ని మెల్లగా పక్కకు తప్పించి, ఒక్కో గుడ్డూ పెట్టెలోకి మార్చాడు.

"ఇక ఈ గదిలోకి నువ్వు తప్ప ఎవరూ రాకూడదు. ఇవి పిల్లలయ్యాక వెళ్దువుగాని. రెండు నెలలే కదా," అన్నాడు.

శ్రీదుర్గకు అంత గడువు లేదు.