పాలు పిండే కోక

క్రిస్టినా కుప్పం నుంచి చౌడేపల్లెకు కాపురానికొచ్చిన మూడో నాడు, తెల్లారి కొట్టం కాడ మొగుణ్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలీక నిలబడిపోయింది. దయానందం అంటే ఏమనుకున్నారు? మదనపల్లెలో మిషన్ ఆస్పత్రి మందుల గదిలో ఉద్యోగం, ఆదివారం చర్చిలో వాక్యం చదివే పెద్దమనిషి. అంతటి మనిషి లుంగీ మీద ఆడోళ్ల కోక చుట్టుకోని, కొంగు నెత్తిన కప్పుకోని, పుంగనూరు పొట్టావు పక్కన గొంతుకూర్చోని పాలు పిండుతాండాడు. ఎర్రంచు పచ్చకోక. ఎవరిదని అడగాల్నా? పోయిన పెండ్లాం తబితది.

పక్కింటి అంకమ్మ అంతా విడమరిచి చెప్పింది. ఆవు కంటితో కంటే ముక్కుతోనే మనిషిని ఎక్కువ గుర్తుపడుతుందంట. అలవాటు లేని వాసన తగిలితే బెదురుతుంది, తంతుంది, అన్నిటికీ మించి పాలు పైకి లాగేసుకుంటుంది. పొదుగు నిండా ఉన్నా చుక్క వదలదు, ఇది నా బిడ్డది అన్నట్టు. తబితకు తప్ప ఎవరికీ చేపని, పాలు వదలని ఆవంట ఇది. రెండేండ్ల కింద తబిత జ్వరంతో పోయినాక మూడు దినాలు పాలు దిగక పొదుగు రాయైపోయింది. ఆమె విడిచిన కోక చుట్టుకోని పోయి కూర్చోప్పా అని అంకమ్మే చెప్పింది. ఈ పక్క పాడి ఉండే ఇండ్లల్లో అది మామూలే. ఆవు మోసపోయి చేపింది. వాసన పోతుందని ఆ కోకను అప్పట్నుంచి నీళ్లలో ముంచలేదు.

మంచి ఉపాయమే, కాదనేదెవరు? క్రిస్టినా మాత్రం ఆ కోకను సవతిని చూసినట్టే చూసింది.

బతికుండే సవతైతే జుట్టు పట్టుకోవచ్చు, నాలుగు మాటలని ఊరుకోవచ్చు. సమాధుల తోటలో పండుకున్నదాన్ని ఏం పట్టుకునేది? గోడ మీద తబిత ఫోటోను ఓర్చుకుంది. గిన్నెల మీద తబిత పేరునూ ఓర్చుకుంది, తోమేటప్పుడు ఆ పేరు మీద పీచు కొంచెం గట్టిగా రుద్దింది, అంతే. ఈ కోకను మాత్రం ఓర్వలేకపోయింది. రోజుకు రెండుసార్లు కొయ్య మీది నుంచి దాన్ని ఎంత మెల్లగా తీస్తాడో, కొంగు మొహం మీదుగా ఎట్లా లాక్కుంటాడో తలుపు సందులోంచి చూసి కుళ్లుకునేది. పెండ్లయి రెండు నెల్లాయె, నా కొంగును ఒక్కనాడన్నా అట్లా ముట్టుకున్నాడా ఈ మనిషి, అనుకునేది.

ఆ ఆవు తనకు చేపితే చాలు, కోకను కొయ్య మీది నుంచి దించేయొచ్చు, ఇల్లు తనదైపోతుంది. అదీ ఆమె పట్టుదల. తవుడు పెట్టింది, బెల్లం పెట్టింది, గంగడోలు నిమిరింది. తిన్నంతసేపు తినింది ఆ దొంగముండ. పొదుగు మీద చెయ్యి పడగానే చెవులు వెనక్కి పెట్టి, బుస్సుమని, మోకాలి మీద ఒక్క తన్ను తన్నింది. కోక చుట్టుకోని పో తల్లీ, ఎందుకొచ్చిన తిప్పలు అనింది అంకమ్మ. దాని కోక నేను కట్టుకోవాల్నా అని క్రిస్టినా మూడు దినాలు అంకమ్మతో మాట్లాడనేలేదు.

నాలుగో దినం మొగుడు మదనపల్లె బస్సెక్కినాక కోకను కొట్టంలోంచి లాక్కొచ్చింది. మసలే నీళ్లలో సబ్బుపొడి కలిపి నానేసింది. బండ మీద ఉతికి, మళ్లీ సబ్బు పెట్టి, చివరికి డెట్టాల్ నీళ్లలో జాడించింది. ఒక్కో దెబ్బకు ఒక్కో దినం కసి తీరింది. వాసన పోతే ఆవు ఆయన్ని కూడా తంతుంది, అప్పుడు ఇద్దరం సమానం, ఎవరు మంచి చేసుకుంటే వాళ్లదే ఆవు. ఎర్రటి ఎండకు మధ్యాహ్నానికే ఆరిపోయింది. మడతేసి ఎప్పటిలాగే కొయ్యకు తగిలించింది.

సాయంత్రం దయానందం బకెట్టు తీసుకోని కొట్టంలోకి పోయినాడు. క్రిస్టినా పొయ్యి మీద అన్నం వదిలేసి తలుపు కాడ నిలబడింది. కోక మొహం మీదుగా లాక్కుంటా మధ్యలో ఆగిపోయినాడు. కొంగును ముక్కు కాడ పెట్టుకోని కొంచెంసేపు అట్లే ఉండినాడు. మళ్లీ ఏమీ ఎరగనట్టు చుట్టుకోని కూర్చున్నాడు.

ఆవు తల తిప్పి ఒకసారి కోక వాసన మూచూసి, నెమరేసుకుంటా నిలబడింది. తన్నలేదు, బెదరలేదు. పాలు ఎప్పటిలాగే సర్రుసర్రుమని బకెట్లో పడినాయి.

బకెట్టు నిండినాక ఆయన బయటికొచ్చి, కోక ఉతికినావా అని నెమ్మదిగా అడిగినాడు. తాటిచెట్టు ఎందుకెక్కినావురా అంటే దూడగడ్డికి అన్నట్టు, మురికిపట్టి ఉండాదని ఉతికినా అనింది. అంతటితో ఊరుకోక, ఆవుకేం తేడా తెలీలేదు కదా అని కూడా అనింది.

"ఆవుకు మొదటి నెలకే నా చెయ్యి అలవాటైపోయినాది," అన్నాడు దయానందం. "కోక లేకున్నా చేపుతాది. నాకే అది లేకుండా కూర్చోబుద్ధి కాలేదు."

కోపం లేదు ఆ గొంతులో. కోప్పడినా బాగుండు అనుకుంది క్రిస్టినా. ఆయన కోక విప్పి, నాలుగు మడతలేసి, ఆమె చేతుల్లో పెట్టినాడు.

"ఇప్పుడిది ఉత్త కోక. కట్టుకుంటే కట్టుకో. ఆవు కాడికి రేపట్నుంచి నా తువ్వాలు కప్పుకోని పో, నీకూ చేపుతాది."

బకెట్టు ఎత్తుకోని లోపలికి పోయినాడు. కోరుకున్నవన్నీ ఒక్క సాయంత్రానికే చేతికొచ్చినాయి. క్రిస్టినా ఆ కోకను ముక్కుకు ఆనించుకుంది. ఒక మడత విప్పింది, ఇంకో మడత విప్పింది, అంచు కాడ, కొంగు చివర, యాడన్నా ఒక్క చోట తబిత మిగిలుండాదేమోనని వెతికింది.