కాలని తలుపు

వ్యాను సిద్ధమైందని మరిది బ్రోబీ కబురు పెట్టిన రోజు డుఫీ దుకాణం మూయలేదు. పొగచేపల బుట్టల మీద గోనె కప్పి, పక్క కొట్టావిడకు అప్పజెప్పి, కొడుకు ఒబెంగ్‌ను వెంటబెట్టుకుని సువామేలో బళ్లు బాగుచేసే షెడ్లకు నడిచింది.

భర్త అడోమాకో పోయినప్పటి నుంచి ఆమెకు ఏ పనీ బరువుగా లేదు, తేలికగానూ లేదు. సరుకు వస్తుంది, అమ్ముడవుతుంది, ఇంత మిగులుతుంది. శవయాత్రలో ఏడ్చినవాళ్లంతా ఆమె ముఖం వంక చూశారు. ఆమెకు ఏడుపు రాలేదు. చూపించడానికి సరుకే లేనప్పుడు గిరాకీలు వచ్చి నిలబడ్డట్టు అనిపించింది ఆమెకు.

ఆ రోజు యెజి రేవు నుంచి ఇదే వ్యానులో చేపలు వేసుకుని వస్తుంటే కలప లారీ ఒకటి డ్రైవరు వైపు తలుపును నొక్కేసి పోయింది. పక్క సీట్లో కూర్చున్న డుఫీకి గీత కూడా పడలేదు. అడోమాకో కాలు తలుపు మడతలో ఇరుక్కుపోయింది. మనుషులు వచ్చి గడ్డపారలతో విప్పేసరికి ఆయనలో రక్తం మిగల్లేదు.

ఇక వ్యానును ఒబెంగ్ నడుపుతాడు. లైసెన్సు వచ్చింది. రేపు తెల్లారకముందే చేపలమ్మే ఆడవాళ్లను ఎక్కించుకుని అదే రోడ్డున అదే రేవుకు వెళ్లాలి. వాళ్లలో డుఫీ కూడా ఉంటుంది.

షెడ్డు ముందు వ్యాను నీలంగా మెరుస్తోంది. వెనక అద్దం కింద "తొందరేముంది" అని అడోమాకో రాయించుకున్న మాటను పసుపురంగుతో మళ్లీ దిద్దారు.

"చూడు వదినా, కంపెనీలోంచి ఇప్పుడే దిగినట్టు లేదూ?" అన్నాడు బ్రోబీ. పని చేయించింది అతనే.

"ఆ రాతకి నేనేం తీసుకోలేదమ్మా," అన్నాడు అసియామా మేస్త్రీ. "అడోమాకో నాకు సొంత అన్నలాంటివాడు."

బ్రోబీ సీసా మూత తీసి ముందు చక్రం దగ్గర నేలమీద సారా ఒంపుతూ, పోయిన పెద్దల్ని పేరుపేరునా పిలిచి, బండిని, నడిపేవాడిని చూసుకోమని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆ వంశంలో పెద్దలు చాలామంది ఉన్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. నిలబడలేక డుఫీ డ్రైవరు తలుపు మీద చెయ్యి ఆనించింది. కిటికీ కింద రేకు చురుక్కుమంది. చెయ్యి కిందికి జార్చింది. అక్కడ కాలలేదు.

తన చేతిదే లోపం అనుకుంది. ఈమధ్య పొయ్యి మీద గిన్నె వట్టి చేత్తో దించి, బొబ్బ లేచాక గాని తెలుసుకోలేదు. అందుకని రెండో చెయ్యి వెనక తలుపు మీద పెట్టింది. కాలి, చటుక్కున తీసేసింది. మళ్లీ ముందు తలుపు మీద పెట్టింది. గోడ మీద పెట్టినట్టుంది.

వేలి కణుపుతో తట్టింది. వెనక తలుపు టంగుమంది. ఇది దబ్‌మంది. లోపల తడి ఆరని చేపను తడితే అదే చప్పుడు. ఆ చప్పుడు వినిపించిన బుట్టను ఆమె ఎప్పుడూ కొనలేదు.

పెద్దల పేర్లు అయిపోయేదాకా ఆగింది.

"మేస్త్రీ, ఎంత మందం లప్పం పెట్టావు దీనికి?"

"నున్నగా రావడానికి సన్నటి పూత తల్లీ. అందరూ పెట్టేదే."

డుఫీ తలుపు తీసింది. పైకెత్తి లాగితే గాని రాలేదు. వేస్తే పైన సందు వేలు పట్టేంత ఉంది, కింద గోరు కూడా దూరదు. అంచు రబ్బరు మీద నీలం తుంపర్లు. తలుపు విప్పకుండానే రంగు కొట్టారు.

"అమ్మా, చాల్లే," అన్నాడు ఒబెంగ్ గొంతు తగ్గించి. "అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

"అంటే నేను డబ్బు తిన్నానంటావా వదినా?" బ్రోబీ సీసా నేలమీద పెట్టేశాడు.

"అనలేదు. మా ఇల్లు గడవాలని నువ్వు తొందరపెట్టావు. మేస్త్రీ తొందరగా చేశాడు. బుట్టలో పైవరస అందరూ చూస్తారు బ్రోబీ. నేను చెయ్యి అడుగుకి పెట్టి చూస్తాను. అంతే." పనిబల్ల మీది సుత్తి తీసి కొడుక్కి ఇచ్చింది. "నడిపేది నువ్వు. నువ్వే కొట్టు."

"రంగు పోతుందమ్మా!" మేస్త్రీ అడ్డం వచ్చాడు.

"పోనీ. డబ్బిచ్చింది నేనేగా."

ఒబెంగ్ మొదటి దెబ్బ భయంగా వేశాడు. రంగు మీద పగుళ్లు పాకాయి. రెండో దెబ్బకు కంచమంత పెచ్చు ఊడి కాళ్ల దగ్గర పడింది, వేలెడు మందం. దాని వెనక రేకు సాపు కాలేదు. లోపలికి ముడుచుకుపోయినది ముడుచుకుపోయినట్టే ఉంది. లప్పం పోసి పూడ్చారు, అంతే. తలుపు పట్టుకునే స్తంభం కూడా వంగే ఉంది. కీలు నిలబడటానికి కింద ఒక ఇనుప ముక్క అతికించారు. ఇంకోసారి ఏదైనా తగిలితే తలుపు ఊడి డ్రైవరు ఒళ్లోకే వస్తుంది.

ఒబెంగ్ చేతిలో సుత్తి కిందికి వాలింది. "నాన్న కాలు... ఇక్కడేనా?"

"అక్కడే," అంది డుఫీ, గిరాకీకి ధర చెప్పినట్టు.

బ్రోబీ తలుపు వంక చూడలేకపోయాడు. "మేస్త్రీ సాపుచేశానన్నాడు వదినా. రంగు వేశాకే నేను చూశాను."

"మేస్త్రీ, తలుపు పడెయ్," అంది డుఫీ. "స్తంభం కోసి వేరేది అతుకు. నా కళ్లముందు."

"రెండ్రోజులు పడుతుంది."

"పట్టనీ."

"రేపు రేవుకి మీ ఆడవాళ్లు?"

"వేరే వ్యానుకి చెబుతాను. కిరాయి నష్టం నాది. నా కొడుకు ఇందులో వెళితే వచ్చే నష్టం ఎవరిదో నువ్వు చెప్పు."

మేస్త్రీ లోపలికి వెళ్లి కోత మిషను తెచ్చాడు. డుఫీ పాత టైరు మీద కూర్చుంది. నిప్పురవ్వలు లేచాయి. ఒబెంగ్ ఆమె పక్కన నేలమీద కూలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసింది గాని, చూపు కోత మీదే ఉంచింది.

తలుపు, స్తంభం ముక్క నేలమీద పడ్డాయి. మేస్త్రీ వాటిని కాలితో పక్కకు జరపబోయి ఆగాడు.

"తల్లీ, ఇవి... ఇంటికి తీసుకెళతారా?"

"ఎందుకు? పాత ఇనుము వాడికి తూకానికి వెయ్."

ఒబెంగ్ తలెత్తి తల్లి ముఖంలోకి చూశాడు. ఆమె కొత్త స్తంభం అందుకుంటున్న మేస్త్రీ చేతులనే చూస్తోంది.